మన ఇంటి బుగ్గలు

12-6-1996

అన్నయ్యా,

నువ్వు బాగానే ఉన్నావని అనుకుంటున్నాను. బాగున్నా బాగోకపోయినా నువ్వు రాసేది నాలుగు ముక్కలే కాబట్టి ఉత్తరం చూసి పోల్చుకోవడం కష్టం. ఫోను చేద్దామంటే నీకు ఫోనంటేనే పడదు. పళ్ళ సెట్టు పెట్టుకున్నా నీ మాట తీగలో నలిగిపోతుందంటావు. అందుకే ఈ ఉత్తరం. లాడ్జిలో దుప్పట్ల గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇవాళ పద్దెనిమిది గదులు ఖాళీ అయ్యాయి. ఉతికినవి ఇంకా ఆరలేదు, గంటసేపు నాకు తీరిక. ఇస్త్రీ వేడికి ఈ గదిలో కాగితం కూడా వంకర తిరుగుతుంది. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు నాది కాదు.

అసలు సంగతికి వస్తాను. నీ మేనకోడలి బుగ్గల గురించి రాయాలి. నువ్వు చూసినప్పుడు దానికి రెండేళ్ళు, ఇప్పుడు అయిదు నిండాయి. మూడో ఏడు నుంచి బుగ్గలు నిండుగా వచ్చాయి. బస్సెక్కినా, కొట్టుకెళ్ళినా గిల్లకుండా వదిలినవాళ్ళు లేరు. మా అత్తయ్యగారైతే "అంతా నా పెంపకం" అని వీధి వీధంతా చెప్పుకున్నారు. నేనూ మురిసిపోయాను. కానీ ఈ ఆరు నెలలుగా అవి బుగ్గల్లా లేవు. కింది దవడ రెండువైపులా గట్టిగా ఉబ్బింది. గిల్లబోతే చర్మమే చేతికొస్తుంది, లోపలంతా ఎముక. నొప్పి లేదంటుంది. కింది రెప్పలు లాగినట్టయి కళ్ళు ఎప్పుడూ పైకి చూస్తున్నట్టుంటాయి. పాఠం చెబుతుంటే పైకప్పు చూస్తోందని టీచరు రెండుసార్లు తిట్టింది. మొన్న ఒక వెనక పన్ను ఊగి ఊగి ఊడిపోయింది, అయిదేళ్ళకే!

బడికి వచ్చిన డాక్టరు చూసి, "మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఇలా ఉండేదా?" అని అడిగాడు. మీ బావ వాళ్ళ తాతగారి దాకా వెళ్ళి ఎవరికీ లేదని చెప్పారు. మన వైపు చెప్పడానికి అమ్మా నాన్నా లేరు. నువ్వు నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దవాడివి, నాకు తెలియనివి నీకు తెలిసుంటాయి. కాస్త గుర్తు తెచ్చుకుని రాయి.

దాని ఫోటో పంపుతున్నాను. నీలం గౌను అదే ఎంచుకుంది. మావయ్యకి పంపుతున్నానంటే రెండుసార్లు దువ్వించుకుంది.

దుప్పట్లు ఆరినట్టున్నాయి. ఉంటాను.

నీ చెల్లెలు


25-6-1996

చెల్లెమ్మకు,

నాలుగు ముక్కలే రాస్తానని దెప్పావు కనుక ఈసారి అయిదు రాస్తాను.

ఇక్కడ పని ఎక్కువైంది. షాపు పెద్దాయనకే కంట్లో శుక్లం వచ్చింది. కళ్ళద్దాలు అమ్మేవాడికే కళ్ళు కనిపించకపోతే ఎలాగని అందరూ ఆయన్ని ఆటపట్టిస్తున్నారు. అద్దాలు అరగదీయడం, ఫ్రేములు సరిచేయడం అంతా నా నెత్తిమీదే పడింది. నిన్న ఒకాయన కళ్ళజోడు తెచ్చి "కొంచెం వంగింది, పొరపాటున దానిమీద కూర్చున్నాను" అన్నాడు. అది చూస్తే కూర్చున్నట్టు లేదు, కాపురం పెట్టినట్టుంది.

పిల్ల సంగతి రాశావు. మన వైపు అలాంటిది ఎవరికీ లేదు. అమ్మ వైపు లేదు, నాన్న వైపు లేదు. డాక్టరు అడిగినా, మీ అత్తగారు అడిగినా అదే చెప్పు. ఎదిగే పిల్లల ముఖాలు ఎన్నో రకాలుగా మారతాయి, అవే సర్దుకుంటాయి. కంగారుపడి కత్తి పట్టే డాక్టర్ల దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకు.

బావగారిని అడిగానని చెప్పు.

అన్నయ్య


15-7-1996

అన్నయ్యా,

అయిదు ముక్కలు లెక్కపెట్టుకున్నాను. వాటిలో ఫోటో గురించి ఒక్క ముక్క కూడా లేదు. "మావయ్య నా గౌను గురించి ఏం రాశాడు?" అని పిల్ల అడిగితే, చాలా బాగుందని రాశాడని అబద్ధమాడాను. ఫోటో చూసి చాలామంది ముఖం తిప్పుకుంటున్నారు. నువ్వూ అంతేనేమో అనుకున్నాను. ఇలా రాసినందుకు కోపం తెచ్చుకోకు.

బళ్ళో దానికి "బూర" అని పేరు పెట్టారు. మొదట నవ్వుతూ వచ్చి చెప్పింది, అదేదో గొప్ప బిరుదన్నట్టు. వారం తర్వాత బడికి పోనని మంచం కింద దూరింది. మొన్నటిదాకా నా పెంపకం అన్న అత్తయ్యగారు ఇప్పుడు "మా వైపు ఇలాంటివి లేవు" అంటున్నారు. ఆవిడ అలా అన్నప్పుడల్లా "మా వైపు కూడా లేవండీ, మా అన్నయ్య రాశాడు" అని నీ ఉత్తరం చూపిస్తున్నాను. నాకున్న సాక్ష్యం అదొక్కటే.

నీ మాట కాదని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఏం చేయమంటావు, రెండో పన్ను కూడా ఊడింది. ఎక్స్‌రే తీశారు. దవడ ఎముక లోపలంతా సబ్బు నురగలా బుడగలు బుడగలుగా ఉంది. రావలసిన పళ్ళు ఆ బుడగల మధ్య ఎక్కడెక్కడో తేలుతున్నాయి. డాక్టరు మంచివాడే, ఓపిగ్గా చెప్పాడు. "వంశంలో ఉంటే ఒక రకం జబ్బు అనుకోవచ్చు, అప్పుడు ఆగి చూస్తాం. మీ రెండువైపులా ఎవరికీ లేదంటున్నారు కాబట్టి ఇవి గడ్డలేమో అని నా అనుమానం. ఆలస్యం చేయకుండా తెరిచి తీసేయాలి" అన్నాడు. ఆగస్టు తొమ్మిదో తేదీ ఇచ్చారు.

ఒకటో తేదీ నుంచి సెలవు పెట్టాను. నాకు చాలా భయంగా ఉంది. నువ్వు పక్కనుంటే బాగుండుననిపిస్తోంది. నువ్వు రావని తెలుసు. చిన్నప్పటినుంచీ నువ్వు మా ఇంటికి చుట్టంలాగే వచ్చావు, చుట్టంలాగే వెళ్ళావు.

భయంతో ఏదేదో రాసేశాను.

నీ చెల్లెలు


28-7-1996

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. మూడుసార్లు జవాబు రాసి చింపేశాను. ఇది చింపను. ఆపరేషన్ చేయించకు. ముందు ఆ మాట చదువు, ఆ తర్వాత మిగతాది.

సైకిలు మీంచి పడి నా పళ్ళు పోయాయని నీకు చెప్పారు కదా. అది అబద్ధం. నేను ఎప్పుడూ సైకిలు మీంచి పడలేదు. నాకసలు సైకిలు తొక్కడమే రాదు.

నీ కూతురి ముఖం నాకు తెలుసు. నాకు నాలుగేళ్ళప్పుడు మొదలైంది. ముందు ముద్దు చేశారు, తర్వాత ముఖం తిప్పుకున్నారు, అచ్చం మీ వీధిలో లాగే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆపరేషన్ చేశారు. రెండువైపులా తెరిచి ఎముక లోపల గోకారు. దాంతోపాటు రావలసిన పళ్ళూ పోయాయి. ఏడాది తిరిగేసరికి వాపు మళ్ళీ వచ్చింది, ఇంకా ఎక్కువగా. పదిహేనేళ్ళ దాకా పెరిగి, ఆగింది. పద్దెనిమిది దాటాక మెల్లగా తగ్గుతూ వచ్చింది. పాతికేళ్ళకి నా ముఖం నలుగురి ముఖంలాగే అయింది. దానికి ఎవరూ ఏమీ చేయలేదు, అదే తగ్గింది. ఆపరేషన్ వల్ల నాకు మిగిలినవి దవడ కింద మచ్చలూ, ఎడమవైపు స్పర్శ లేని కింది పెదవీ. టీ కారినా నాకు తెలియదు. నేను ఎప్పుడూ చేతిలో రుమాలు పట్టుకునే ఎందుకుంటానో, నీకు ఊహ తెలిసేనాటికే పెంచిన గడ్డం ఎందుకు తీయనో నీకిప్పుడు అర్థమై ఉంటుంది.

నేను డాక్టర్ని కాను. మీ పిల్లకి ఉన్నది ఇదేనని నేను తేల్చి చెప్పలేను. కానీ ఇది ఆ డాక్టరుకి తెలియాలి. ఆయన సరైన ప్రశ్నే వేశాడు. తప్పుడు జవాబిచ్చింది నేను.

ఎందుకిచ్చానో కూడా చెబుతాను. నీ పెళ్ళి కుదిరినప్పుడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆ సంగతి ఎవరికీ తెలియనీయకు నాన్నా. దాన్ని చేసుకునేవాళ్ళు వెనక్కి తగ్గుతారు" అంది. సరేనన్నాను. నీ ఉత్తరం రాగానే నాకు గుర్తొచ్చింది ఆ మాటే. నేను నిజం చెబితే మీ అత్తగారి చేత నువ్వు మాట పడాల్సి వస్తుందనుకున్నాను. నీకు మాట రాకుండా చూడబోయి పిల్లని కత్తి దగ్గరికి పంపాను.

ఫోటో చూసి ముఖం తిప్పుకోలేదమ్మా. చూస్తూ ఉండిపోయాను. ఏడేళ్ళప్పుడు నేను అద్దంలో చూసుకున్న ముఖం, నీలం గౌను వేసుకుని నిలబడింది. దాని గురించి ఏం రాయాలో నాకు తెలియలేదు. గౌను చాలా బాగుంది. దువ్వుకున్న జుట్టు కూడా.

నిన్న లాడ్జికి ఫోను చేశాను. నువ్వు పైన గదుల్లో ఉన్నావన్నారు. ఆపమని చెప్పండని మేనేజరుకి మూడుసార్లు చెప్పాను. సరే సరే అన్నాడు. అయినా నా మాట మీద నాకు నమ్మకం లేక ఇది రాస్తున్నాను. మీ అత్తగారి కంట పడకుండా లాడ్జి చిరునామాకే పంపుతున్నాను.

అన్నయ్య


29-7-1996

అన్నయ్యా,

నువ్వు ఫోను చేశావని మేనేజరు చెప్పగానే కళ్ళనీళ్ళు వచ్చాయి. ఫోనంటే ఆమడ దూరం పారిపోయే నువ్వు నా కోసం చేశావు! "మీ అన్నయ్య మాట సరిగా తెలియలేదమ్మా, ఆపరేషన్, ఆపరేషన్ అని మూడుసార్లు అన్నాడు. తప్పకుండా చేయించమంటున్నట్టుంది" అన్నాడు.

కత్తి పట్టే డాక్టర్ల దగ్గరికి వద్దన్నవాడివి నువ్వే ఒప్పుకున్నావంటే ఇక నాకు ధైర్యమే. మీ బావకి కూడా చెప్పాను. ఆయన బస్సు డ్యూటీ మార్పించుకుని తొమ్మిదో తేదీ ఉంటానన్నారు. పోయిన ఉత్తరంలో చుట్టమని రాసినందుకు క్షమించు. నువ్వు నా అన్నవి.

ధైర్యంగా ఉన్న నీ చెల్లెలు


టెలిగ్రాం, 3-8-1996

ఆపరేషన్ వద్దు. లాడ్జిలో ఉత్తరం ఉంది. చదువు. బయలుదేరుతున్నాను. అన్నయ్య.


20-8-1996

అన్నయ్యా,

నువ్వు ఉన్న మూడు రోజుల్లో నేను నీతో మాట్లాడిందేముంది? తిట్టాను, అంతే. ఇంటి గుమ్మంలో, బ్యాగు కింద పెట్టకముందే. "నీ ఉత్తరం పట్టుకుని అందరి దగ్గరా సాక్ష్యం చెప్పానే!" అని అరిచాను. నువ్వు రుమాలుతో మూతి తుడుచుకుని నిలబడ్డావు. అందుకే నోటితో చెప్పలేనివి కాగితం మీద చెబుతున్నాను.

టెలిగ్రాం వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నది అత్తయ్యగారు. "ఏ ఉత్తరం? ఏం దాస్తున్నారు మీ అన్నాచెల్లెళ్ళు?" అని నిలదీశారు. నాకేం తెలుసు? లాడ్జికి పరిగెత్తాను. నేను సెలవులో ఉన్నానని మేనేజరు నీ ఉత్తరం రిజిస్టరులో పెట్టి మర్చిపోయాడు. దుప్పట్ల గదిలోనే నిలబడి చదివాను. నీ మీద కోపమా, నా మీద నాకే కోపమా, ఏమీ తెలియలేదు. ఇంటికొచ్చి ఆ ఉత్తరం అత్తయ్యగారి చేతిలోనే పెట్టాను. ఇక దాచే ఓపిక నాకు లేకపోయింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ముందే చెప్పుంటే నేనేమనేదాన్ని?" అన్నారు. మళ్ళీ తనే, "ఏదో ఒకటి అనేదాన్నేలే" అన్నారు. ఆ తర్వాత లేచి నీ కోసం గదిలో పక్క వేశారు. ఆవిడ నిజాయితీ చూసి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆసుపత్రిలో మమ్మల్ని బయట బల్లమీద కూర్చోబెట్టి నిన్నూ పిల్లనీ లోపలికి తీసుకెళ్ళారు కదా. లోపల ఏం జరిగిందో నువ్వు ముక్తసరిగా చెప్పావు. పిల్లని అడిగితే అది బాగా చెప్పింది. "కొత్త డాక్టరమ్మ మావయ్య గడ్డంలో చేతులు పెట్టి వెతికింది. దొరికాయి" అంది. ఏం దొరికాయే అంటే, "నా బుగ్గలు" అంది.

మర్నాడు ఆ డాక్టరమ్మ నన్ను పిలిచి అన్నీ చెప్పింది. దీన్ని చెరుబిజం అంటారట. పాత చిత్రాల్లో బొద్దు బుగ్గలతో, పైకి చూస్తూ ఉండే దేవదూత పిల్లలుంటారే, వాళ్ళను చూసి పెట్టిన పేరట. చాలా అరుదట. అంటుకునేది కాదు, పుట్టుకతో వచ్చేది. ఆడవాళ్ళలో కొందరికి లోపల ఉన్నా పైకి కనిపించదట. అంటే నాలో ఉంది, నా ద్వారా దానికి వచ్చింది. పరీక్ష కోసం చిన్న ముక్క మాత్రం తీశారు. అందులోనూ అదే తేలింది. ఊపిరికీ చూపుకీ అడ్డం రానంతవరకూ ఆగి చూద్దామన్నారు. ఏడాదికి రెండుసార్లు చూపించాలి, పళ్ళు కనిపెట్టుకోవాలి. "మీ అన్నయ్య రాకపోతే నేను తెరిచేసేవాణ్ణి" అని మొదటి డాక్టరే నాతో అన్నాడు. ఆయన ముఖం కూడా వెలవెలబోయింది.

ఒక్క సంగతి అడగాలి. నువ్వు నన్నెప్పుడూ ఎత్తుకున్నట్టు నాకు గుర్తులేదు. ఇంటికొస్తే గుమ్మం దగ్గరే నిలబడేవాడివి. నేను దగ్గరికొస్తే ఏదో పని ఉందని లేచిపోయేవాడివి. అన్నయ్యకి నేనంటే ఇష్టం లేదా అని అమ్మని అడిగేదాన్ని. అదీ దీనివల్లేనా?

పిల్ల నీకు ముద్దులు పంపమంది.

నీ చెల్లెలు


2-9-1996

చెల్లీ,

గుమ్మంలో తిట్టినందుకు బాధపడకు. రైల్లో వస్తూ నేను నన్ను తిట్టుకున్నవాటితో పోలిస్తే నువ్వన్నవి మర్యాదగానే ఉన్నాయి.

నువ్వడిగినదానికి జవాబు. నువ్వు పుట్టినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు, ముఖం బాగా ఉబ్బి ఉన్న రోజులు. బడినుంచి రాగానే నిన్ను ఎత్తుకునేవాణ్ణి. నెల పిల్లవి, నీకు నా ముఖం ఒకటీ ఇంకొకరి ముఖం ఒకటీ కాదు. నన్ను చూసి ముఖం మార్చుకోని మనిషివి ఆ రోజుల్లో నువ్వొక్కదానివే. ఒకరోజు పక్కింటావిడ వచ్చి, "ఆ పిల్లాడి చేత ఎత్తించకమ్మా, అంటుకుంటుందేమో, అసలే ఆడపిల్ల" అంది. అమ్మ ఆవిడకి జవాబు చెప్పలేదు. నన్నూ ఏమనలేదు. కానీ ఆ తర్వాత నా చేతుల్లోంచి నిన్ను తీసుకునేటప్పుడు కొంచెం తొందరపడేది. ఆ తొందర నాకు తెలిసిపోయింది. నేనే ఎత్తుకోవడం మానేశాను. రెండేళ్ళకి ఈ షాపులో పని దొరికితే వచ్చేశాను. నా గురించి తెలిసిన వీధిలో నువ్వు పెరగకూడదని నాన్న కూడా ఇల్లు మార్చారు. ఇష్టం లేక కాదమ్మా.

డాక్టరమ్మ చెప్పింది విన్నాక ఒకటి తలుచుకుని బెంచీ మీద ఒక్కణ్ణే నవ్వుకున్నాను. నా వల్ల నీకు అంటుకుంటుందని ఆ పక్కింటావిడ భయపడింది. అప్పటికే అది నీలో ఉంది, నాకు వచ్చిన చోటినుంచే వచ్చి. ముప్ఫై ఏళ్ళు నేను ఉత్త పుణ్యానికి దూరంగా నిలబడ్డాను.

పిల్లకి చూపు పరీక్ష చేయించమన్నారు కదా. కాగితం వచ్చాక నాకు పంపు. బజార్లో దొరికే ఫ్రేములు దాని బుగ్గలమీద ఎక్కి కూర్చుంటాయి, ముక్కుమీద ఆనవు. దానికి నేనే చేస్తాను.

మీ అత్తగారికి నమస్కారాలు. ఆవిడ వేసిన పక్కమీద చాలా ఏళ్ళ తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

అన్నయ్య


10-2-1997

అన్నయ్యా,

కళ్ళజోడు భేషుగ్గా కుదిరింది. గంతులేసినా జారడం లేదు. బళ్ళో ఎవరైనా బూర అంటే, "మా మావయ్యకీ ఉండేవి. పెద్దయ్యాక పోతాయి. నీ ముక్కు పోతుందా?" అని అడుగుతోందట. టీచరు ఫిర్యాదు చేసింది, నేను దాన్ని తిట్టినట్టు నటించాను.

ఇప్పుడు రాయబోయేది ఇంకా ఎవరికీ తెలియదు, మీ బావకి తప్ప. నాకు మళ్ళీ రెండో నెల.

అనుకుని చేసింది కాదు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. సగానికి సగం అవకాశం ఉందంది. ఆడపిల్లయితే వచ్చినా కనిపించకపోవచ్చంది. ముందే తెలుసుకునే పరీక్ష లేదంది. "మీరిద్దరూ ఆలోచించుకుని రండి" అంది. మీ బావ "నీ ఇష్టం" అంటున్నారు. మంచి మాటే, కానీ ఆ మాటలో నాకు సాయమేమీ లేదు. నీ ఇష్టం అని బస్సెక్కి వెళ్ళిపోతున్నారు.

పిల్లని చూస్తే ఒక రోజు ఇలాంటివాళ్ళు పదిమంది ఉన్నా పెంచుతాననిపిస్తుంది. అది మంచం కింద దూరిన రోజు గుర్తొస్తే, మళ్ళీ ఇంకో ప్రాణాన్ని ఎందుకు అనిపిస్తుంది.

నిన్నొకటి అడుగుతాను. అడగకూడనిదైతే జవాబు రాయకు. అసలు పుట్టకుండా ఉంటే బాగుండునని నువ్వెప్పుడైనా అనుకున్నావా? అబద్ధం మాత్రం రాయకు అన్నయ్యా, నాకోసం కూడా.

నీ చెల్లెలు


17-2-1997

చెల్లీ,

ఉత్తరం అందిన రోజే రాస్తున్నాను. ఇదివరకు ఎనిమిది రోజులు ఆలస్యం చేసి బుద్ధి తెచ్చుకున్నాను.

అనుకున్నాను. పదకొండేళ్ళప్పుడు దాదాపు ఏడాదిపాటు రోజూ అనుకున్నాను. బళ్ళో గుంపు ఫోటో తీస్తూ నన్ను వెనక వరసలో పొడుగువాడి వెనకాల నిలబెట్టిన రోజు మరీ అనుకున్నాను. ఆ పైన అప్పుడప్పుడు.

ఎప్పుడు మానేశానో కూడా చెప్పగలను. పందొమ్మిదో ఏట, ఈ షాపులో మొదటిసారి నేను సొంతంగా అరగదీసిన అద్దాలు ఒక ముసలి దర్జీకి పెట్టాం. ఆయన జేబులోంచి సూది తీసి ఒక్క దెబ్బకి దారం ఎక్కించి, "ఓరి దీని దుంపతెగ, ఇంత పెద్ద కన్నం పెట్టుకుని ఇన్నేళ్ళూ నన్నేడిపించిందా!" అని సూదిని తిట్టాడు. షాపంతా నవ్వింది. నేనూ నవ్వాను. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. అప్పటికి ముఖం ఇంకా పూర్తిగా తగ్గలేదు కూడా. ఆ తర్వాత పుట్టకుండా ఉంటే అనే ఆలోచన మళ్ళీ రాలేదు. రమ్మన్నా రాలేదు.

కానీ నువ్వు అబద్ధం వద్దన్నావు కాబట్టి మిగతాదీ చెబుతాను. నా బతుకులో కష్టం ముఖం వల్ల పాతిక వంతు, దాన్ని దాచడం వల్ల ముప్పాతిక వంతు. నాకు ముప్ఫై ఏళ్ళప్పుడు ఒకామెతో స్నేహమైంది. లైబ్రరీలో పని. అద్దాల కోసం వచ్చి, ఫ్రేము వదులైందని వారం వారం వచ్చేది. ఆ ఫ్రేము వదులు కాదని మా ఇద్దరికీ తెలుసు. పెళ్ళి మాట ఆమే ఎత్తింది. పిల్లలకి నా ముఖం వస్తుందని భయపడి వద్దన్నాను. కారణం చెప్పలేదు. తనలో ఏదో లోపముందనుకుని వెళ్ళిపోయింది. పిల్లలు వద్దనుకోవడం తప్పని నేననడం లేదు. ఆమెకీ నాకూ కలిపి ఉన్న ప్రశ్నకి నేనొక్కణ్ణే జవాబు చెప్పేశాను. అదీ నా తప్పు.

అందుకని నేను నీకు కనమనీ చెప్పను, వద్దనీ చెప్పను. బావగారు నీ ఇష్టం అన్నారంటే ఆయనకీ భయమేసి ఉంటుంది. డ్యూటీ లేని రోజు కూర్చోబెట్టి, "నీ ఇష్టమేమిటో చెప్పు" అని అడుగు. ఆయన చెప్పేదాకా లేవనీయకు. మీరేది అనుకున్నా, ఎందుకలా చేశావని నేను ఎన్నడూ అడగను.

కంటే మాత్రం, ఆ బిడ్డకి మొదటిరోజు నుంచీ అన్నీ తెలిసిన ఒక మేనమామ ఉంటాడు. నాకు అది లేదు. అదొక్కటీ ఉండుంటే నా పదకొండో ఏడు ఇంకోలా గడిచేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆరోగ్యం చూసుకో. బరువైన దుప్పట్ల మూటలు ఎత్తకు.

అన్నయ్య


22-9-1997

అన్నయ్యా,

పద్దెనిమిదో తేదీ ఉదయం పది గంటలకి అమ్మాయి. ఇద్దరం క్షేమం. మీ బావ చెప్పగానే నువ్వు రైలుకి టిక్కెట్టు తీసుకున్నావని తెలిసింది, అయినా రాస్తున్నాను. మంచంమీద ఉన్న నాకు వేరే పనేముంది?

ఆ రోజు మీ బావని నిజంగానే కూర్చోబెట్టి అడిగాను. గంటన్నర పట్టింది. చివరికి, "నాకు కావాలనే ఉంది, కానీ మోసేది నువ్వు కదా, అడగడానికి సిగ్గేసింది" అన్నారు. ఈ మనుషులతో ఇలా ఉంటుంది. దాచడం ఒక్క మన వైపే కాదు.

ఈ పిల్లకి ఉందో లేదో ఇప్పుడే తెలియదు. మూడు, నాలుగేళ్ళు వచ్చేదాకా తెలియదట. అప్పటిదాకా రోజూ దవడలు తడిమి చూడకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. అత్తయ్యగారు మాత్రం స్నానం చేయించే వంకతో తడిమేశారు. నేను చూశానని తెలిసి, "ఒంటికి నూనె రాస్తున్నానమ్మా" అన్నారు.

పెద్దదాని బుగ్గలు ఈ ఏడు ఇంకొంచెం పెరిగాయి. మొన్న చూపిస్తే, అనుకున్న దారిలోనే ఉంది, కంగారు లేదన్నారు. నిన్న బడినుంచి తిన్నగా ఆసుపత్రికి వచ్చింది. పుస్తకాల సంచీ తీయకుండానే మంచమెక్కి, కళ్ళజోడు సర్దుకుని చెల్లెల్ని చాలాసేపు చూసింది. ఏమంటుందోనని నేను దాని ముఖమే చూస్తున్నాను. వేలితో చెల్లెలి చెంప మెల్లగా నొక్కి, నా వైపు తిరిగి, చాలా జాలిగా అంది:

"అయ్యో అమ్మా, దీనికి బుగ్గలే లేవు!"

నీ చెల్లెలు